పడవలో బీరువా

మన విద్యార్థి సంఘం కార్యదర్శి మెస్సు ముందర నన్ను పట్టుకుని, "సంచికకి యేదైనా రాసివ్వు, నాలుగు పేజీలు చాలు" అన్నప్పుడు, రాయడానికి నా దగ్గర ఏముందా అని వారం రోజులు ఆలోచించాను. కవిత్వం నా వల్ల కాదు. దేశ సమస్యల మీద రాయగలవాళ్లు ఈ సంచికలోనే చాలామంది వున్నారు, వాళ్లతో పోటీకి దిగే ధైర్యం నాకు లేదు. చివరికి నాకు తెలిసిన సంగతి ఒక్కటే మిగిలింది. సముద్రం ఊసే లేని మెట్ట ప్రాంతంలో పుట్టి, ఒక చిన్న పడవకి తెరచాప బిగించి, అందులో ఏది పెట్టాలో ఏది పెట్టకూడదో తెలుసుకోవడానికి ఒక సంక్రాంతి సెలవులన్నీ ఖర్చుపెట్టిన వైనం. ఇదేమంత గొప్ప విషయం కాదని నాకూ తెలుసు. అయినా చదవండి. నవ్వు వస్తే నవ్వండి, మా జేజి కూడా నవ్వింది.

మాది నెల్లూరు జిల్లా పడమటి వైపు. నెల్లూరు అనగానే అందరూ వరి కయ్యలు, చేపల పులుసు, సముద్రం అంటారు. అదంతా తూర్పు వైపు వాళ్ల వైభవం. మా ఉదయగిరి, ఆత్మకూరు వైపు వస్తే కనిపించేవి ఎర్రటి ఎండ, కంపచెట్లు, అడుగంటిన బావులు. అయితే ఆత్మకూరు అవతల, పెన్నా నది కొండల సందులోంచి బయటపడేచోట సోమశిల ఆనకట్ట వుంది. 1970ల్లో పని మొదలై 1980ల చివరికి నీళ్లు నిలిచాయి. నిండితే 78 టి.ఎం.సి.లు. ఒక టి.ఎం.సి. అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, కనుక మొత్తం ఎంతో మీరే గుణించుకోండి. ఆ నీళ్లు మా జిల్లా దాటి కడప జిల్లాలోకి చాలా దూరం పోయి పరుచుకున్నాయి. అవి పరుచుకున్నచోట అంతకుముందు ఊళ్లు వుండేవి. మా జేజి కాపురానికి వచ్చిన ఊరు వాటిలో ఒకటి.

ఆ ఊరి పేరు ఇక్కడ రాయను. రాసినా పటంలో మీకు దొరకదు. ఊరు ఖాళీ చేసిన కథ మాత్రం మా ఇంట్లో వెయ్యిసార్లు చెప్పుకున్నదే. సామాన్లు తరలించడానికి మా అబ్బకి రెండు ఎద్దుబండ్లు దొరికాయి, అదీ ఒక్క తడవకే. ఏవి ఎక్కించాలి, ఏవి వదలాలి? జేజి రోలు ఎక్కించమంది. అది ఆమె అత్తగారి అత్తగారి కాలం నాటి రోలు. మా అబ్బ వినలేదు. పెళ్లిలో వచ్చిన ఇనప బీరువా వుంది, ఊళ్లో మొదటి బీరువా అది, దాన్ని వదిలిపెడితే పరువేం కావాలి? బీరువా ఎక్కితే సగం బండి అయిపోయింది. రోలు తరవాత వచ్చి తీసుకుపోదాంలే అన్నారు. ఆ 'తరవాత' రాలేదు, నీళ్లు వచ్చాయి. తీరా ఆత్మకూరు దగ్గర కట్టుకున్న కొత్త ఇంటి వాకిట్లోంచి బీరువా లోపలికి పట్టలేదు. ఇప్పటికీ అది మా పంచలోనే వుంది. అందులో పాత గోతాలు, కోడిపెట్ట గుడ్లు వుంటాయి.

అందుకే మా ఇంట్లో ఎవరైనా అనవసరమైన వస్తువు కొంటే జేజి ఒకే మాట అంటుంది. "బండికి బీరువా యెక్కించబాకరా."

ఇక పడవ సంగతి. డిగ్రీలో నేను ఎన్.సి.సి. నౌకా విభాగంలో చేరాను. యూనిఫారం తెల్లగా వుంటుందని చేరానే గాని, నీళ్ల మీద మోజుతో కాదు. కాని శిబిరంలో ఒకరోజు మమ్మల్ని 'ఎంటర్‌ప్రైజ్' అనే రకం తెరచాప పడవ ఎక్కించారు. జాక్ హోల్ట్ అనే ఇంగ్లీషాయన 1950ల్లో గీసిన నమూనా అది. పొడవు 13 అడుగుల 3 అంగుళాలు, నీలం రంగు తెరచాపలు. ఇంజను లేదు, చప్పుడు లేదు, గాలి పట్టగానే పడవ ఒక్కసారి ఒంగి ముందుకు దూకింది. నాకు ఒళ్లు జలదరించింది. ఆ రాత్రి శిబిరంలో పడుకుని ఒకటే ఆలోచన, మన సోమశిల నీళ్ల మీద ఇట్లా పోతే ఎట్లా వుంటుంది? ఆ నీళ్ల కింద మా ఊరుంది. నీళ్లు నిలిచాక జేజి ఒక్కసారి కూడా అటు పోలేదు.

నీళ్ల పక్క ఊళ్లో చేపలు పట్టే ఒకాయన వున్నాడు. వరస లేకపోయినా మామా అని పిలుస్తాను. ఆయన దగ్గర పాత ఫైబర్ పడవ ఒకటి వుంది, పొడవు 13 అడుగులు, వెడల్పు నాలుగున్నర. నేను చూసిన ఎంటర్‌ప్రైజ్ అంతే అన్నమాట, అదే నన్ను మోసం చేసింది. పొడవు ఒకటైతే పడవ ఒకటే అనుకున్నాను.

మామ రెండు షరతులు పెట్టాడు. "నా పడవకి బొక్క పెట్టగూడదు. పండగ అయినాక నా వల మళ్లీ దాంట్లో పట్టాల." ఆనకట్ట దరిదాపులకి పోకూడదనీ, వల తిప్పేవాళ్లు తిరిగే చోటనే తిరగాలనీ, తను లేకుండా పడవ విప్పకూడదనీ కూడా చెప్పాడు. అన్నిటికీ ఒప్పుకున్నాను. 2023 జనవరి అది. కాలేజీ సెలవులకి నాతో కావలి మిత్రుడొకడు వచ్చాడు. సముద్రం పక్క పుట్టినవాడు కదా, అన్నీ తెలుసనుకున్నాను. వాడికి సముద్రంలో కాళ్లు తడుపుకోవడం తప్ప ఏమీ రాదని తరవాత తెలిసింది.

తెరచాప పడవకి కావలసినవి లెక్కకి కొద్దే. నిలబెట్టే కొయ్య, దానికి తెరచాప, తెరచాప అడుగున అడ్డకొయ్య, దాన్ని లాగిపట్టే తాడు, వెనక చుక్కాని. ఇంకొకటి వుంది, చాలామందికి తెలియనిది. పడవ నడుమ నీళ్లలోకి దిగే పలక. అది లేకపోతే పక్కగాలి కొట్టినప్పుడు పడవ ముందుకు పోకుండా ఎండ్రకాయలాగా పక్కకి జారుతుంది. పలక నీళ్లని అడ్డుకుంటే, పక్కకి నెట్టే బలమే ముందుకు తోసే బలం అవుతుంది. ఎంటర్‌ప్రైజ్‌లో అది అడుగున చీలికలోంచి దిగుతుంది. మామ షరతు వల్ల మాకా దారి లేదు. అందుకని పలకని పడవ పక్కన, బయటివైపు తాడుతో వేలాడదీశాం. గాలి వైపు మారితే పలక కూడా ఈ పక్క నుంచి ఆ పక్కకి మార్చాలి.

నిలువు కొయ్యకి సర్వి కొయ్య తెచ్చాం, సరుగుడు అంటే మీకు తెలుస్తుంది. తెరచాపకి వడ్లు ఆరబోసుకునే టార్పాలిన్ పట్ట. పదడుగుల ఎత్తు, ఎనిమిదడుగుల అడుగుతో మూడు మూలలుగా కోసి, అంచులు మడిచి చెప్పులు కుట్టే ఆయన చేత కుట్టించాం. నలభై చదరపుటడుగులు వచ్చింది. హైదరాబాదు హుస్సేన్‌సాగర్‌లో పిల్లలు నేర్చుకునే 'ఆప్టిమిస్ట్' పడవ వుంది చూశారూ, 1947లో అమెరికాలో క్లార్క్ మిల్స్ తయారు చేసిన నమూనా, దాని తెరచాప 35 చదరపుటడుగులు. అంటే మాది పిల్లల పడవ మీద ఒక మెట్టు ఎక్కువ. చుక్కానిని గేటు బందులతో వెనక తగిలించాం.

అసలు చిక్కు ఇక్కడ మొదలైంది. పడవ ముందు భాగాన్ని అణియం అనీ, వెనక భాగాన్ని అమరం అనీ మన పాతవాళ్లు అనేవారు. మా పడవలో అణియం మీద మూడడుగుల మేర కప్పు వుంది, అదీ ముందుకి పోయేకొద్దీ సన్నబడుతుంది. అమరం దగ్గర ఒక్క అడుగు. డెక్కు అనడానికి వున్నది ఇంతే, ఒక మనిషి కాళ్లు ముడుచుకుని కూర్చుంటే అయిపోతుంది. ఈ కాస్త చోట్లో నిలువు కొయ్య, దాన్ని మూడు వైపులా పట్టే తాళ్లు, తెరచాప ఎత్తే తాడు, లంగరు, ఇవన్నీ సర్దాలి. మధ్యలో ఖాళీ వుంది కదా అంటారేమో, అక్కడ మనుషులు కూర్చోవాలి. గాలి వైపు మారిన ప్రతిసారీ ఆ మనుషులు ఈ పక్క నుంచి ఆ పక్కకి జరగాలి. జరిగేటప్పుడు అడ్డకొయ్య తల మీదుగా పోతుంది, తల వంచాలి కూడా.

నేనూ కావలి మిత్రుడూ కూర్చుని ఒక జాబితా రాశాం. ఇరవై ఒక్క వస్తువులు తేలాయి. తెడ్లు, లంగరు, నీళ్లు తోడే డబ్బా సరే. దిక్సూచి ఒకటి, ఫోను నిలబెట్టుకునే స్టాండు ఒకటి, దానికి బ్యాటరీ పెట్టె, పాటలకి స్పీకరు, థర్మాకోల్ ఐసు పెట్టె, ఎండకి పెద్ద గొడుగు, దానికొక పాదు, జెండా కర్ర, జేజి కోసం మడత కుర్చీ. ప్రతి వస్తువుకీ ఒక సమర్థన వుంది. ప్రతిదీ ఎప్పుడో ఒకప్పుడు పనికొచ్చేదే.

తాళ్లు బిగించడానికి రెండు కొమ్ముల కొయ్యముక్కలు కావాలి. ఎనిమిది అంకెలాగా తాడు చుడితే జారకుండా పట్టేవి. బజార్లో ప్లాస్టిక్‌వి దొరకలేదు. మా నాయన స్నేహితుడు ఒకాయన ఉదయగిరిలో కొయ్య చెంచాలు చేస్తాడు, నేను చాచా అంటాను. ఉదయగిరి కొయ్య చెంచాల పేరు మీరు వినే వుంటారు, భౌగోళిక గుర్తింపు పొందిన పని అది. 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల చేతి నుంచి తీసుకున్న కోట కొండ మీద వుంది, కొండ కింద వీధిలో చాచా అరుగు మీద కూర్చుని గరిటెలు, ఫోర్కులు చెక్కుతుంటాడు. నేను కాగితం మీద బొమ్మ గీసి చూపించాను. నర్ది కొయ్యతో చేసిస్తావా చాచా అన్నాను. ఆయన నవ్వాడు.

"అది చెంచాల కొయ్య బేటా. మెత్తన. నోట్లోకి పొయ్యేదానికి బాగుంటాది. గాలితో కొట్లాడేదానికి తుమ్మ కావాల."

పాత బండిచక్రం ముక్క తీసి దాంట్లోంచి నాలుగు చేశాడు. ఒక్కోదానికి గంట పట్టింది. ఆకురాయితో అంచులు రుద్దుతూనే వున్నాడు, చాలు చాచా అన్నా ఆపడే. "చెంచా అంచు పెదిమకి తగలగూడదు. దీని అంచు తాడుకి తగలగూడదు. పని వొకటే" అన్నాడు. డబ్బులు తీసుకోలేదు. నాలుగు ఎందుకు, రెండు చాలవా అని మాత్రం అడిగాడు. నాకప్పుడు అర్థం కాలేదు.

బోగి ముందురోజు పడవని నీళ్లలోకి దించాం. ఇరవై ఒక్క వస్తువులూ ఎక్కాయి. గొడుగు, జెండా అన్నీ పెట్టుకుని చూస్తే తిరణాల ప్రభలాగుంది. ఫొటోలు తీసుకున్నాం. మామ ఒడ్డున బీడీ కాల్చుకుంటూ ఏమీ అనలేదు. ఈశాన్యపు గాలి నెమ్మదిగా వుంది. తెరచాప ఎత్తగానే పడవ కదిలింది, మా ఆనందానికి మేర లేదు. తెరచాపని లాగిపట్టే తాడుని చాచా చేసిన కొమ్ముకి చుట్టి బిగించేశాను, చెయ్యి నొప్పి పుట్టకుండా. దాని పక్కనే ఐసు పెట్టె పెట్టాం, ఇంకెక్కడా చోటు లేక.

యాభై గజాలు పోయామో లేదో, కొండ సందులోంచి గాలి విసురు వచ్చింది. పడవ ఒంగింది. అప్పుడు చేయవలసింది ఒక్కటే, తాడు వదిలెయ్యాలి. తాడు వదిలితే తెరచాపలో గాలి పోతుంది, పడవ లేస్తుంది. నేను వంగి చూస్తే ఐసు పెట్టె జారి కొమ్ము మీద కూర్చుని వుంది. దాన్ని లాగబోతే గొడుగు పాదు అడ్డం. కావలి మిత్రుడు ఎదురు పక్కకి జరగబోయి మడత కుర్చీలో కాలు ఇరికించుకున్నాడు. ఇంతలో అంతా అయిపోయింది. నడుములోతు నీళ్లే కనుకా, లైఫ్ జాకెట్లు ఒంటి మీదనే వున్నాయి కనుకా, ఈ రోజు మీకు ఈ వ్యాసం రాస్తున్నాను. ఐసు పెట్టె మాత్రం హంసలాగా తేలుతూ పోయింది.

మామ నీళ్లలోకి వచ్చి పడవ ఎత్తించాడు. "పడవకి వొరిగే హక్కు వుందబ్బయ్యా. లేపుకునే దారి మీరు వుంచలా" అన్నాడు.

ఆ రాత్రి ఇంట్లో తడిసిన బట్టలు ఆరేస్తుంటే జేజి అడిగింది, ఏమేం ఎక్కించారని. నేను జాబితా చదివాను. ఇరవై ఒకటీ ఓపికగా వింది. వినేసి పంచలోని బీరువా వైపు చూసింది. నేనూ చూశాను. ఇద్దరం నవ్వాం. చివరకి ఒక మాటంది. "బండి యెక్కించేటప్పుడు మీ అబ్బకి సామాన్లే కనపడినాయి. సందు కనపడలా. సందు లేకపోతే యెద్దు తోక కూడా ఆడించుకోలేదు గదరా."

ఆ మాట తరవాత నాకు నిద్ర పట్టలేదు. శిబిరంలో విన్నవి, ఎక్కడెక్కడో చదివినవి గుర్తొచ్చాయి. ప్రపంచాన్ని ఒంటరిగా తెరచాప పడవలో మొట్టమొదట చుట్టివచ్చిన జాషువా స్లోకం 1895లో బయల్దేరి 1898లో తిరిగొచ్చాడు. ఆయన పడవ 'స్ప్రే' 37 అడుగులైనా లేదు. ఓడల వాళ్లు వాడే ఖరీదైన గడియారం బాగుచేయించాలంటే 15 డాలర్లు అవుతుందని దాన్ని వదిలేసి, అద్దం పగిలిన రేకు గడియారం ఒకటి డాలరుకి కొనుక్కుని దానితోనే పోయాడు. రాబర్ట్ మాన్రీ అనే పత్రికా ఉపసంపాదకుడు 1965లో అట్లాంటిక్‌ని దాటిన 'టింకర్‌బెల్' పొడవు పదమూడున్నర అడుగులు, అంటే మా మామ పడవ కంటే ఒక జానెడు ఎక్కువేమో. 78 రోజులు పట్టింది. 78 రోజుల తిండి, నీళ్లు అందులో పెట్టుకుని కూడా ఆయన మెలగడానికి చోటు వుంచుకున్నాడు. నేను ఒక్కపూట ప్రయాణానికి కాలు కదిపే చోటు లేకుండా చేసుకున్నాను.

మన దేశం సంగతే చూడండి. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి 'తరిణి' అనే 55 అడుగుల పడవలో ఆరుగురు నౌకాదళ మహిళా అధికారులు బయల్దేరి, ప్రపంచం చుట్టి 2018 మే 21న తిరిగొచ్చారు. వాళ్లలో ఇద్దరు మన తెలుగువాళ్లు, విశాఖపట్నం స్వాతి, హైదరాబాదు ఐశ్వర్య బొడ్డపాటి. ఆరుగురు ఎనిమిది నెలలపాటు 55 అడుగుల్లో. మన హాస్టల్లో ఒక గదిలో నలుగురం ఎనిమిది నెలలు వుండి ఒక బకెట్టు కోసం ఎన్నిసార్లు మాట్లాడుకోవడం మానేశామో జ్ఞాపకం చేసుకోండి.

వీటన్నిటికంటే నన్ను కుదిపింది కమాండర్ అభిలాష్ టోమీ అనుభవం. 2018 సెప్టెంబరులో ఒంటరిగా ప్రపంచం చుట్టే పోటీలో వుండగా, దక్షిణ హిందూ మహాసముద్రంలో తుపాను కొట్టి ఆయన పడవ కొయ్యలు విరిగాయి. వెన్నుకి దెబ్బ తగిలి లేవలేకపోయాడు. అత్యవసరానికని సర్దిపెట్టుకున్న సంచీ పడవలోనే వుంది, అందులో ఇంకో ఉపగ్రహ ఫోను వుంది. అయినా దాన్ని అందుకోవడం ఆయన వల్ల కాలేదు. మూడు రోజులకి ఫ్రెంచి ఓడ వచ్చి కాపాడింది. ఆయన అంతటితో ఆగలేదు, మళ్లీ అదే పోటీకి వెళ్లి 2023 ఏప్రిల్‌లో రెండో స్థానంలో వచ్చాడు. అంతటి ఆరితేరిన మనిషికే చెయ్యి అందని చోట వున్న వస్తువు లేనట్టే అయితే, నా ఐసు పెట్టె కింద ఇరుక్కున్న తాడు సంగతి చెప్పాలా?

మర్నాడు బోగి మంట దగ్గరే కూర్చుని జాబితా మళ్లీ రాశాం. ఈసారి ప్రశ్న మార్చాం. 'ఇది పనికొస్తుందా?' అని అడిగితే ప్రతిదీ పనికొస్తాననే అంటుంది. 'ఇది వుంటే ఎవరి చెయ్యి, ఎవరి కాలు ఆగుతుంది?' అని అడిగాం. అట్లా అడిగేసరికి పదమూడు వస్తువులు వాటంతటవే దిగిపోయాయి. మిగిలినవి ఎనిమిది. రెండు తెడ్లు, లంగరు, నీళ్లు తోడే డబ్బా, కత్తి, తాగే నీళ్ల క్యాను, ఈల, అదనపు తాడు ఒకటి. లైఫ్ జాకెట్లు మనుషుల ఒంటి మీద వుంటాయి కనుక లెక్కలోకి రావు.

ఆ ఎనిమిదింటికీ చోట్లు నిర్ణయించాం. తెడ్లు రెండు పక్కలా గోడల వెంట పడుకోబెట్టి లేసుతాడుతో ఒక్క ముడి, లాగితే ఊడివచ్చే ముడి. బరువైన నీళ్ల క్యాను పడవ నడుమ, అడుగున. బరువు కొసల్లో పెడితే ప్రతి అలకీ పడవ తలాడిస్తుంది, నడుమన కిందుగా వుంటే నిలకడగా వుంటుంది. లంగరు అంటే మామ వాడే రాయే, దాన్ని అణియం కింద సందులో, తాడు దాని మీదనే చుట్టగా. నీళ్లు తోడే డబ్బాకి జానెడు తాడు కట్టి నడిపేవాడి మోకాలి దగ్గర, ఎందుకంటే పడవ తిరగబడితే కట్టని వస్తువు మళ్లీ కనిపించదు. కత్తి, ఈల మెడలో. తెరచాప ఎత్తే తాడు కొయ్య మొదట్లో కట్టివుంటే దాన్ని దించడానికి ఒకడు ముందుకు పాకాలి, ఆ బరువుకి అణియం మునుగుతుంది. అందుకని ఆ తాడుని బావి గిలక చిన్నది ఒకటి తగిలించి వెనకదాకా తెచ్చాం, కూర్చున్నచోటి నుంచే దించేటట్టు. ఇక లాగిపట్టే తాడుకి కొమ్ము తీసేశాం. చిన్న పడవలో దాన్ని ఎప్పుడూ చేత్తోనే పట్టుకోవాలి. నొప్పి పుట్టాలి కూడా, ఆ నొప్పే గాలి ఎంత వుందో చెబుతుంది.

చాచా చేసిన నాలుగు కొమ్ముల్లో రెండే మిగిలాయి. ఒకటి ఎత్తే తాడుకి, ఒకటి పక్క పలకకి. ఆయన ఎందుకు అడిగాడో అప్పుడు తెలిసింది.

కనుమ మర్నాడు జేజిని ఎక్కించుకున్నాం. నేను చుక్కాని దగ్గర, మామ ముందు, జేజి నడుమ అడుగున చాప మీద. కావలి మిత్రుణ్ణి ఒడ్డున వదిలేశాం, పాపం, కుర్చీతో పాటు వాడూ జాబితాలోంచి పోయాడు. జేజికి లైఫ్ జాకెట్ తొడిగితే, "గర్భిణీ మనిషి మాదిరుండా" అంది. చేతిలో ఏమీ లేదు. పూలు, కొబ్బరికాయ తెస్తుందనుకున్నాను. అడిగితే, "యేం తెచ్చేదిరా. అన్నీ ఆడనే వుండాయి గదా" అంది.

గంటన్నర పోయాం. ఎటు చూసినా నీళ్లే. మామ ఫోను తీసి పటం చూశాడు, అందులో నీలం రంగు తప్ప ఇంకేమీ లేదు. ఊరు ఎక్కడో ఎట్లా తెలుస్తుంది? అప్పటిదాకా మాట్లాడకుండా కొండల వైపు చూస్తున్న జేజి చెయ్యెత్తింది.

"ఆ బోడిగుట్ట నెత్తిన పెద్దకొండ మెడ కూర్చోవాల. ఇంకా కూర్చోలా. ఇంకొంచిం పోనీ."

నాకు మతిపోయింది. శిబిరంలో మాకు రెండు రోజులు నేర్పించిన పాఠం అదే. రెండు గుర్తుల్ని ఒకదాని మీద ఒకటి చేర్చి చూసుకుంటే నువ్వొక గీత మీద వున్నట్టు, అట్లాంటి గీతలు రెండు కలిసినచోట నీ స్థానం. జేజి బడికి పోలేదు. సాయంత్రం పూట గొడ్లు తోలుకొస్తూ పదిహేనేళ్లు ఆ కొండల్ని అట్లా చూసింది, అంతే. బోడిగుట్ట మీదకి కొండ మెడ వచ్చింది. ఎడమ పక్కన ఇంకేవో రెండు గుట్టల సందు తెరుచుకుంది. "ఇదే చెరువుకట్ట" అంది. మరికాస్త పోయాక, "ఇది మనిల్లు."

తెరచాప దించాను, కూర్చున్నచోటి నుంచే. మామ లంగరు వదిలాడు. తాడు చాలాసేపు జారి జారి ఆగింది.

ఏడుస్తుందేమోనని భయపడ్డాను. ఏడవలేదు. పడవ అంచు మీదకి వంగింది. అక్కడ గొడుగు పాదు గాని, బ్యాటరీ పెట్టె గాని వుండివుంటే అట్లా వంగడానికి ఆమెకి చోటు వుండేది కాదు. నేనూ మామా మాట్లాడుకోకుండానే ఎదురు పక్కకి జరిగి బరువు సరిచేశాం. మోచేతిదాకా చెయ్యి నీళ్లలో పెట్టి వుంచింది, ఎవరి తలో నిమిరినట్టు. చాలాసేపటికి చెయ్యి తీసి తడి ముఖానికి రాసుకుని, లంగరు తాడు వైపు చూసి, "రోలు ఆడనే వుండాది. మీ రాయికి తోడు దొరికిందిలే" అని నవ్వింది. మామ కూడా నవ్వాడు గాని ముఖం అటు తిప్పుకున్నాడు. వాళ్ల ఊరూ ఆ నీళ్ల కిందనే వుందని నాకు తిరుగు ప్రయాణంలో తెలిసింది.

లంగరు పైకి తీసేటప్పుడు తాడు దేనికో తగులుకుంది. కత్తి వుంది, కోసెయ్యొచ్చు. జేజి కొయ్యొద్దంది. పడవని కాస్త ముందుకి తెడ్డేసి, వేరే వైపు నుంచి లాగితే వదిలింది. ఏ గోడకి తగులుకుందో, ఏ చెట్టు మోడుకో మాకు కనపడలేదు.

పండగ అయిపోగానే షరతు ప్రకారం కొయ్య, తెరచాప, చుక్కాని అన్నీ విప్పి మామకి పడవ అప్పజెప్పాను. ఒక్క బొక్క కూడా లేదు. చాచా చేసిన తుమ్మ కొమ్ములు రెండు మాత్రం ఆయన వుంచుకుంటానన్నాడు, వల తాళ్లు బిగించుకోవడానికి. మిగిలిన రెండూ నా దగ్గర హాస్టల్లో వున్నాయి, తువ్వాలు తగిలించుకుంటున్నాను.

మిత్రులారా, ఇంకో నెలలో మనమందరం హాస్టల్ ఖాళీ చేస్తాం. మూడేళ్ల సామాను ఒక ట్రంకులో, ఒక సంచీలో సర్దుకోవాలి. ఏది తీసుకుపోవాలో ఏది వదలాలో చెప్పే జ్ఞానం నాకు లేదు, మా అబ్బ లాంటి పెద్దమనిషే పొరబడ్డాడు. ఒక్క మాట మాత్రం చెప్పగలను. సర్దడం అయ్యాక ఒకసారి చెయ్యి అటూ ఇటూ ఆడించి చూసుకోండి. ఆడకపోతే ఎక్కడో అడుగున బీరువా వుందన్నమాట. దాన్ని దించేసి బయల్దేరండి.